ముందల కుడి భుజం

దాన్ని హౌస్‌బోటు అనడం మర్యాద. పాత లాంచీ మీద రేకుల కప్పు వేసి, రెండు గదులు కట్టి, ముందు భాగంలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీల వీపు మీద ఏదో ఫంక్షన్ హాల్ పేరుంది. పోచంపాడు డ్యాం వెనుక నీళ్లలో, దసరా సెలవుల శని ఆదివారాలు, నలుగురు స్నేహితులం అందులో చేపలు పట్టడానికి వెళ్లాం.

చేపలు సాకు మాత్రమే. మూడేళ్లుగా నాకూ మాలో ఒకడికీ మాటలు తగ్గాయి. వాడిది రెంజల్, మనిషి బాగా పొడుగు. మిగతా ఇద్దరు మమ్మల్ని కలపాలని కంకణం కట్టుకున్నారు. నీళ్ల మధ్యలోంచి ఎవడూ లేచి వెళ్లిపోలేడు కదా అన్నది వాళ్ల ధైర్యం.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో, అది మూతపడేదాకా, బాయిలర్ దగ్గర పనిచేశాడు. నా స్నేహితుల్లో ఆయనకు ఈ పొడుగోడంటేనే ప్రాణం. వాడు మా దర్వాజా దగ్గర తల వంచి లోపలికి వచ్చినప్పుడల్లా అదే మాట.

"నన్ను మోసేనాడు ముందల కుడి భుజం నీదే బిడ్డా. నా కొడుకు కుండ పట్టుకొని ముందల నడుస్తడు. వాడు మోసేది లేదు."

"అట్లనే బాపూ. తొందరేం లేదు తియ్, ముందుగాల చాయ్ తాగు."

వాడు కూడా ఆయన్ని బాపూ అనే పిలిచేవాడు.

తొందరేం లేదన్నా ఆయన ఆగలేదు. ఆ రోజు పొద్దున్నుంచి పొడుగోడికి ఫోన్లు చేశాం. అందుబాటులో లేడని ఒకావిడ ఓపిగ్గా మూడు భాషల్లో చెప్పింది. సాయంత్రం దాకా చూసి పాడె లేపారు. ముందు కుడివైపు మా బావ పట్టాడు. మంచివాడు, కాకపోతే పొట్టి. బాపు చివరి ప్రయాణం కొంచెం కుడికి వాలి సాగింది.

నాలుగో రోజు పొడుగోడు వచ్చి నా చేతులు పట్టుకొని ఏడ్చాడు. "పోచంపాడు నీళ్లల్ల పడవ మీద ఉన్న. సిగ్నల్ లేకుండె" అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడం వేరు, నమ్మడం వేరు. ఆ రెండింటి మధ్యే మూడేళ్లు గడిచాయి. ఈ ప్రయాణంలో నాకు కావలసింది ఒక్కటే. ఆ మాట నిజం కావాలి. నమ్మడానికి నేను సిద్ధంగా ఉన్నాను, సంచి సర్దుకొని మరీ వచ్చాను.

పడవను కుదిర్చింది కూడా వాడే. "గప్పుడు నేను ఎక్కిన పడవ గిదే. ఆ జాగ సూపిస్త పా" అన్నాడు. అడగని రుజువు చూపించడానికి మనిషి అంత ఉబలాటపడితే అనుమానించాలి. నేను సంతోషించాను.

రుద్రూర్ దగ్గర చెరకు వేసే మిత్రుడు ఎరగా బెల్లం మడ్డి, తవుడు కలిపి గోనెసంచి నిండా తెచ్చాడు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నవాళ్లు. మూడు తరాలు చెరకు పండించాక, లోకంలో ఏ సమస్యకైనా తీపే పరిష్కారమని ఆ కుటుంబానికి నమ్మకం కుదిరింది.

"చేపకి తీపంటే పిచ్చిరా. చూస్తూ ఉండు, వరస కడతాయి" అన్నాడు.

వరస కట్టిన మాట నిజమే. చీమలు. సంచిలో చేనంతా తిరిగిన చీమల సంసారమే ఉంది. మధ్యాహ్నానికల్లా పరుపులు, అన్నం గిన్నె, నా కళ్లజోడు పెట్టె, అన్నీ వాటివే.

"చేపలు పట్టేటందుకు వచ్చినమా, చీమలకు విహారయాత్ర పెట్టినమా అన్నా?" అన్నాడు నిజామాబాద్‌లో బీడీ ఆకుల వ్యాపారం చేసే మిత్రుడు, లుంగీ దులుపుకుంటూ.

అయినా చేపలు పడ్డాయి. పొడుగోడికి పెద్ద బొచ్చె చేప పడింది. తీసి నా ముందు పెట్టాడు. "ఇది నీదే. ఇంటికి తీస్కపో." రాత్రి మంచి పరుపు నాకే, పొద్దున మొదటి చాయ్ నాకే. అంత మర్యాద నాకు పెళ్లిలో కూడా జరగలేదు.

ఆదివారం పొద్దెక్కాక నీళ్ల నడుమ, పడవ నడిపే ఆయనతో ఇంజన్ ఆపించి, పొడుగోడు లేచి నిలబడ్డాడు.

"ఇగో, ఇక్కడనే. గా దినం పొద్దుమూకేదాక ఇక్కడనే ఉన్న. సుట్టూ సూడు, ఏమన్న ఉన్నదా?"

చూశాను. ఏమీ లేదు. నీళ్లు, మునిగి మోడైన తుమ్మలు, వాటి మీద కొంగలు. పాపం, ఇక్కడ మనిషికి కబురెలా అందుతుంది అనిపించింది. గుండెలో మూడేళ్ల రాయి కొంచెం కదిలింది కూడా.

అప్పుడు నా ఫోన్ మోగింది.

"తిన్నరా?" అంది నా భార్య. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే నలుగురికీ వినపడింది. "ముండ్లు తక్కువున్న చేప తేండ్రి. పిల్లలు తినరు." పక్కింట్లో కుక్కర్ విజిల్ కూడా వినిపించింది.

ఫోన్ పెట్టేశాను. చెరకు మిత్రుడు చీమల్ని శ్రద్ధగా దులపసాగాడు.

"కొత్తగ టవర్ ఏసినట్టున్నరు" అన్నాడు పొడుగోడు.

ఒడ్డున టవర్ కనిపిస్తూనే ఉంది. అంచెలంచెలుగా పిట్టగూళ్లున్నాయి.

"అవును, కొత్తదే" అన్నాను.

"కొత్తదా? అప్పుడే తుప్పు గూడ పట్టె!" అన్నాడు బీడీ ఆకుల మిత్రుడు. బాపు పోయిన రోజు పొడుగోడికి ఎక్కువసార్లు ఫోన్ చేసింది వీడే. "సక్కగ చెప్పరాదు? యాడున్నవు గా దినం?"

పొడుగోడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంట్లనే ఉన్న. తెల్లారి మా చెల్లె వరపూజ ఉండె. పాడె ముట్టినోడు గడప తొక్కద్దన్నది మా అవ్వ. పొద్దుగాలనే కబురు తెలిసింది. ఫోన్ల సిమ్ తీసేసి పండుకున్న."

ఇంట్లో శుభకార్యం పెట్టుకొని చావింటికి పోకపోతే మా దగ్గర ఎవరూ తప్పుపట్టరు. ఒక్క మాట చెబితే నేనే వద్దనేవాణ్ని. వినపడి ఉంటే బాపు కూడా 'పోరా, లగ్గం పని చూస్కో' అనేవాడు. నేను ఆ చెల్లె పెళ్లికి కూడా వెళ్లాను, రెండుసార్లు బగారన్నం పెట్టించుకున్నాను. సంబంధం ఖాయం చేసే వరపూజ ఎప్పుడైందమ్మా అని పెళ్లిలో ఎవరడుగుతారు? భుజం ఇవ్వలేకపోయినందుకు కాదు నా బాధ. నన్ను అంతమాత్రం అర్థం చేసుకోలేనివాడి కింద జమకట్టి, మూడేళ్లు ఒక చెరువంత అబద్ధం మోశాడు. మోయగలడని బాపు సరిగ్గానే అంచనా వేశాడు.

"ఏమన్న అనురా" అన్నాడు.

"చీమలు కుడుతున్నయి. పోదాం" అన్నాను.

ఒడ్డున మోకాలిలోతు బురద. ఐసు, చేపలు నింపిన డబ్బా ఒక్కరికి లేచేలా లేదు. పడవ నడిపే ఆయన రెండు వెదురుబొంగులు తెచ్చి దాన్ని మధ్యలో కట్టాడు. ఆయన, చెరకు మిత్రుడు, బీడీ ఆకుల మిత్రుడు తలో మూల పట్టారు. మిగిలింది ముందు కుడివైపు. పొడుగోడు ఒక్క క్షణం ఆగి, వంగి, భుజానికెత్తుకున్నాడు. డబ్బా ఎటూ వాలలేదు.

రాత్రి వండుకోగా మిగిలిన చేపల పులుసు కుండ నా చేతికిచ్చి ముందు నడవమన్నారు. నడిచాను. కుండ పట్టుకున్నవాడు వెనక్కి తిరిగి చూడొద్దని ఆ రోజు పెద్దమనుషులు చెప్పారు. ఈ రోజు ఎవరూ చెప్పలేదు. అయినా కారు దాకా నేను వెనక్కి చూడలేదు.