గంజి మీద వేసిన నెపం

మా నాయన తొడ గురించి నేను చెప్పిన మాట ఇంతవరకు ఎవరూ చెవిన వేసుకోలేదు. మాట ఎత్తితే చాలు, మా వాడ పెద్దలు కండువా దులుపుకొని లేచిపోతారు. అందుకే రాస్తున్నాను. కాగితం లేచిపోదు కదా.

గద్వాలలో మాది నేత కుటుంబం. చాలా ఏళ్ల కిందట నాయనకు ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరేది కాదు. మనిషి చిక్కిపోయాడు. పెరట్లో ఆయన మూత్రానికి కూర్చున్న చోట చీమలు బారులు కట్టేవి. మా వాడలో చీమలను ఎవరూ లెక్కచేయరు. పడుగు నూలుకు వీధిలోనే గంజి పట్టిస్తాం, నేలంతా గంజే. కానీ పెరట్లో మేం ఏనాడూ గంజి పట్టించలేదు.

తర్వాత తొడలో నొప్పి, జ్వరం. పైన పుండు లేదు, ఎరుపు లేదు. నొక్కితే కొయ్యలా గట్టిగా తగిలేది. మగ్గం గుంటలో కాలు ఆడించి ఆడించి కండ పట్టేసిందని పెద్దనాయన తేల్చాడు. ఆముదం రాసి పొద్దూ మాపూ పిసికాడు. నాయన పళ్లు బిగబట్టేవాడు.

బండి కట్టి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు తొడను ఒక్క వేలితో తాకి, ఆ వేలు తుడుచుకున్నాడు.

"నాయిన మూత్రం కాడ చీమలు పడుతున్నయి, సాబ్."

ఆయన కాంపౌండరు వైపు తిరిగాడు. "విన్నవా? నేతోళ్లు గంజి పారబోస్తరు, చీమలొస్తే రోగమంటరు."

"పెరట్ల గంజి పెట్టం, సాబ్."

"గట్లయితే నువ్వే నాడి చూడు. నేను పోయి మగ్గం నేస్త."

కాంపౌండరు విరగబడి నవ్వాడు. దొర నవ్వితే నవ్వడమే అతని కొలువులో సగం పని. ఒక తైలం సీసా ఇచ్చి బాగా రుద్దమన్నారు. పెద్దనాయన గెలిచినట్టు మీసం దువ్వాడు.

రుద్ది రుద్ది తొడ కుండంత అయింది. మళ్లీ తీసుకుపోయేసరికి ఆ డాక్టరు సెలవులో ఉన్నాడు. బదులుగా వచ్చినాయన ముందు మూత్రం అడిగాడు. బల్ల మీది నీలం మందులో కలిపి దీపం మీద కాచాడు. ఇటుక రంగుకు తిరిగింది.

"షక్కర్ బీమారి. మూత్రంల చక్కెర పోతున్నది. కండల చీము పట్టింది. దీన్ని రుద్దమన్నదెవరు?"

కోస్తే చెంబెడు చీము వచ్చింది. అప్పటికే విషం ఒళ్లంతా పాకింది. నాయన దవాఖాన మంచం మీదే పోయాడు.

పాత డాక్టరు ఇప్పుడు వనపర్తిలో మేడ కట్టుకొని పింఛను తింటున్నాడు. నేను పోయిన ప్రతిసారీ సాబ్ నిద్రపోతున్నాడని గేటు దగ్గరి జవాను చెబుతాడు. అంత హాయిగా నిద్ర పట్టే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

డాక్టరు గారూ, మేం మొదట వచ్చిన నాడు కూడా ఆ నీలం సీసా మీ మోచేతి పక్కనే ఉంది. దీపమూ ఉంది. ఎందుకు కాచలేదు? లేచి జవాబు చెప్పండి.