గెడ్డ దాటిన గుంట

మా అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆమె పోయేనాటికి నాకు పాలపళ్ళు కూడా ఊడలేదు. ఆమె గురించి నా దగ్గర మిగిలింది ఒక్కటే. నరసన్నపేట సంత నుంచి తిరిగొస్తూ గెడ్డ దాటుతున్నాం. వాగుని మా వైపు గెడ్డంటాం. ముందు రోజు వాన పడి నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. అమ్మ చెంగున కట్టుకున్న మురీల మూట మునిగిపోయింది. మరమరాలకి మా మాట మురీలు. గట్టెక్కాక అమ్మ మూట విప్పి చూసి నవ్వింది. ముందు చప్పుడు లేకుండా భుజాలు కదిలి, తరవాత ఎక్కిళ్ళలా బయటికొచ్చే నవ్వు. మెత్తబడ్డ మురీలు గుప్పెడు నా నోట్లో పెట్టి, "తినీ గుంటా, నమలక్కర్నేదు" అంది. గుంటంటే ఆడపిల్ల.

కాన్పు నొప్పుల్లోనూ, మా ఆయన పోయిన నెలలోనూ నేను ఆ నవ్వు దగ్గరికే వెళ్ళాను. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

నాకు అక్షరాలు వచ్చింది ఈ మధ్యనే. మా వీధిలో ఒక పిల్ల ఎచ్చెర్ల యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడల్లా సాయంత్రం పూట మాలాంటి కొందరు ఆడవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి రాయించేది. సంతకం అయింది, బస్సు మీద పేర్లు చదవడం అయింది. ఇక మీకు గుర్తున్నది ఏదైనా రాయండి అంది. నేను గెడ్డ రాశాను. వత్తుల దగ్గర చాలా అవస్థ పడ్డాను. 'నవ్వింది' అన్న మాట ఆ పిల్ల ఎన్నిసార్లు దిద్దించిందో.

రాసింది ముందుగా అప్పకి చదివి వినిపించాలనుకున్నాను. అప్పంటే మా అక్క. అమ్మ పోయాక నాకు తల దువ్విందీ, అన్నం పెట్టిందీ ఆమే. ఆ రోజు మా ఇంట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. తలెత్తకుండా చివరిదాకా వింది.

"బాగుంది గానీ, అది నువ్వు కాదే. నాను" అంది. "నువ్వప్పుడు జరంతో ఇంటికాడ ఉన్నావు."

అమ్మ గుంటా అని పిలవడం నా చెవుల్లో ఉందన్నాను. ఇద్దర్నీ అలాగే పిలిచేదంది. మరి నాకెలా తెలిసిందని అడిగాను.

"నానే సెప్పినాను. అమ్మ పోయినాక కూడు ముట్టీదానివి కావు. ఈ కత సెప్తేనే నోరు తెరిసీదానివి. ముద్దముద్దకీ సెప్పినాను."

నాకు కోపం వచ్చింది. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషికి ఇదెలా గుర్తుందన్నాను. అప్ప ఊరుకుంటుందా.

"రెండచ్చరాలు నేర్సినావని నా తలకాయిలోది కూడా నువ్వే రాసుకుంతావేటి" అని గింజలు చేటలోకి విసిరింది.

ఆమె వెళ్ళాక కళ్ళు మూసుకుని చూశాను. గెడ్డ కనిపించింది, అమ్మ కనిపించింది. అమ్మ చెయ్యి పట్టుకుని ఒక గుంట నడుస్తోంది. ఆకుపచ్చ లంగా, పైకి మడిచి కట్టిన జడ, వీపు. అక్కడ కళ్ళు తెరిచాను. నా వీపు నాకెలా కనిపిస్తుంది? ఇన్నేళ్ళూ నేను ఏ గట్టు మీద నిలబడి చూస్తున్నట్టు?

మర్నాడు ఆ పిల్లని అడిగాను. పాత సంగతుల్లో తమని తాము బయటినుంచి చూసుకోవడం చాలామందికి ఉంటుందట. అంతమాత్రాన అది నాది కాదని చెప్పలేమంది. అలాగని నాదేననీ చెప్పలేమంది. జ్ఞాపకం పెట్టెలో దాచిన కోక లాంటిది కాదట. తీసిన ప్రతిసారీ కొంత కొత్తగా నేసి లోపల పెడతామట. విన్నదీ చూసిందీ ఒకే పోగులో కలిసిపోతాయట. నాకు అంత గట్టిగా అనిపిస్తోంది కదా అంటే, "గట్టిగా అనిపించడం సాక్ష్యం కాదు పెద్దమ్మా" అంది. ఆ పిల్ల అదేదో విడ్డూరంలా కళ్ళు పెద్దవి చేసుకుని చెబుతోంది. నేను కాగితం మడుచుకుని ఇంటికి వచ్చేశాను.

రాయకుండా ఉండాల్సిందేమో. లోపల ఉన్నన్నాళ్ళూ అది ఎటు కదిలినా పట్టుకునేవాళ్ళు లేరు. కాగితం మీద కదలకుండా నిలబడేసరికి అప్ప దాన్ని చూసి తనదని గుర్తుపట్టింది.

కొన్నాళ్ళు మేం మాట్లాడుకోలేదు. తరవాత నేనే వాళ్ళింటికి వెళ్ళాను. అప్ప నా మొహం చూసి మెత్తబడింది. "పోన్లే, నువ్వే అనుకో. నీకిచ్చీసినాను" అంది, కట్టి విడిచిన కోక ఇచ్చేసినట్టు. మొదటి రోజు మాటల కంటే అది ఎక్కువ గుచ్చుకుంది.

గెడ్డ నీదే, అమ్మ పట్టుకున్న చెయ్యీ నీదే అన్నాను. నాకు ఒక్కటి చెబితే చాలన్నాను.

"అమ్మ నవ్విందా?"



"నవ్వడమేటి. ఈపు మీద ఒక్కటేసింది. మురీలు నీకోసం కొన్నాది, జరం నోటికి తింతావని. నాను కాలు జారి సెంగు పట్టుకు లాగీసినాను."

"మరి నవ్విందని సెప్పినావు?"

"కొట్టిందంటే నువ్వు కూడు తింతావేటే?"

అలా అంటూ అప్ప నవ్వింది. ముందు భుజాలు కదిలాయి. తరవాత ఎక్కిళ్ళలా ఆ నవ్వు బయటికొచ్చింది. పుట్టిన దగ్గరనుంచీ ఆమె పక్కనే ఉన్నాను. ఆ నవ్వు చెవిపెట్టి విన్నది మాత్రం ఆ రోజే.

తడిసిన మురీలు చివరికి ఏమయ్యాయని అడిగాను. ఆ మెత్తదనం నా నాలుక మీద ఇప్పటికీ ఉంది. అప్ప నవ్వు ఆపి ఆలోచించింది. "ఏమో. గట్టు మీద నాకు పెట్టిందో, ఇంటికాడ నీకు పెట్టిందో. నీకు సెప్పీసెప్పీ నాకూ తెలీకుండా పోనాది" అంది.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే గెడ్డ ఉంది, ఎర్ర నీళ్ళున్నాయి. గట్టు మీద ఒకామె చెంగు విప్పుతోంది. ఆమె మొహం వైపు చూడడానికి భయంగా ఉంది. అప్ప మొహం ఉంటుందేమో. ఏ మొహమూ ఉండదేమో.

మొన్న ఆ పిల్ల, తప్పులు దిద్ది మళ్ళీ రాసి తెమ్మంది. కూర్చున్నాను. అమ్మ చెయ్యి పట్టుకుని, గెడ్డలో దిగి, కాలు జారి, లేచి, గట్టెక్కి, అని రాసుకుంటూ పోయాను. మన మాటల్లో అలా ఎంత దూరమైనా పోవచ్చు, ఎవరు పట్టుకున్నారో, ఎవరు జారారో తేల్చకుండానే. తడిసిన మురీలు, అని కూడా రాశాను. ఇక చివరి మాట ఒక్కటే ఉంది. తిన్నాను అనైనా రాయాలి, తింది అనైనా రాయాలి.

'తి' రాసి ఆగాను. రెండిటికీ మొదటి అక్షరం అదే.