శుక్రవారపు పళ్ళెం

మొన్న ఆదివారం ఇక్కడ సింగపూర్‌లోనే, క్లెమెంటిలో స్నేహితుల ఫ్లాట్‌లో భోజనాలయ్యాక మా ఆయన మళ్ళీ ఆ జోకు ఎత్తుకున్నారు. "మా ఆవిడ మొరాకో దాకా వెళ్ళి ఊళ్ళోవాళ్ళ ఎంగిలి తినొచ్చిందండీ!" అందరూ విరగబడి నవ్వారు. మా అమ్మాయి ఒక్కతే ఫోన్‌లోంచి తలెత్తకుండా, "నాట్ ఫన్నీ లా, నాన్నా" అంది ఇక్కడి యాసలో. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

మొరాకోలో ఆ పల్లెటూరు వెళ్దామన్నది నేనే. పాతికేళ్ళ పెళ్ళిరోజు. పిల్ల యూనివర్సిటీ హాస్టల్లో చేరాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. దాని సంగతులు తప్ప మాట్లాడుకోవడానికి మాకేమీ లేదని అప్పుడు తెలిసింది. ఎక్కడైనా నిమ్మళంగా నాలుగు రోజులు కూర్చుంటే మళ్ళీ మొగుడూ పెళ్ళాలమవుతామేమోనని నా ఆశ. చుట్టూ ఆలివ్ తోటలు, గోధుమ చేలు, గాడిదల మీద గడ్డిమోపులు. మధ్యాహ్నమైతే వీధిలో అలికిడుండదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయనదేమో ఒకటే సణుగుడు. "ఇక్కడ చూడ్డానికేవుందే? యీషున్‌లో మన బ్లాకు కింద కూర్చున్నా ఇంతేగా!" పైగా సింగపూర్ నుంచి చిన్న రైస్ కుక్కరు, కందిపొడి, ఆవకాయ మోయించారు. సెలవు ఆయనకి. నాకు వంటగది మారిందంతే.

శుక్రవారం మేం దిగిన ఇంటావిడ భోజనానికి పిలిచింది. నా ఈడుదే. భాష రాదు, అన్నీ సైగలే. మేం మాంసం తినమని తెలుసుకుని, గోధుమరవ్వలాంటి కుస్‌కుస్ మీద గుమ్మడి, క్యారెట్, శనగలు పేర్చి, పెద్ద మట్టిపళ్ళెం మధ్యలో పెట్టింది. చుట్టూ ఆవిడ, భర్త, అత్తగారు, మేమిద్దరం. అందరికీ అదొక్కటే పళ్ళెం, ఎవరి వైపు నుంచి వాళ్ళు తినాలి. మా ఆయన మొహం చూడాలి అప్పుడు! "ఛీ, ఎంగిలి మంగలం! నాకు వేరే ప్లేటు అడుగు" అన్నారు. అడగక్కర్లేకపోయింది. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, లేచి వెళ్ళి తెచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. గబుక్కున పళ్ళెంలో చెయ్యి పెట్టాను.

ఆవిడ తన వైపున్న గుమ్మడిముక్కని వేళ్ళతో నా వైపు జరిపింది. కాసేపటికి ఇంకోటి. అతిథికి మంచి ముక్కలు అలా జరపడం అక్కడి మర్యాదట. మర్యాదే అనుకోండి, కానీ నేను పెళ్ళయిన దగ్గర్నుంచీ మంచి ముక్కలు ఏరి ఎదుటివాళ్ళకి వేసినదాన్ని. నా వైపు ఒకటి జరగడం అదే మొదలు.

"ఏవిటా కళ్ళనీళ్ళు? కారమా?" అన్నారాయన, తన ప్లేటులోంచి తలెత్తకుండానే.

గదికొచ్చాక ఇదంతా చెప్పాలని పక్కన కూర్చుని నోరు తెరిచాను. "నాకు కడుపు నిండలేదు, కాస్త కుక్కర్ పెట్టు" అన్నారు. పెట్టాను. ఆయనకి ఏదైనా చెప్పుకోవాలని మళ్ళీ ఎన్నడూ అనిపించలేదు.

ఇన్నేళ్ళ కాపురం, ఎంత అన్యోన్యమో అంటారు మా వాళ్ళు. ఏళ్ళయితే గడిచాయి, కాదనను. ఆ ఒక్క పూట తప్ప అవన్నీ నేను వడ్డిస్తూ నిలబడి గడిపినవే.