రెండు మిల్లీమీటర్ల పైచిలుకు

హైదరాబాదు పాతబస్తీ మొత్తంలో బొమ్మ రైలును అసలు సిసలు కొలత పట్టాల మీద నడిపించిన మొదటి మనిషిని నేనే. పురానాపూల్ పక్క సందులో, నా అద్దె గదిలో, నాలుగు గోడల వెంబడి పట్టాలు పరిచి, మంచం కింది నుంచి, నీళ్ల కుండ వెనక నుంచి దాన్ని తిప్పుతుంటే వాడకట్టంతా కిటికీ దగ్గర మూగేది. ఈ మాట నలభై ఏళ్లుగా పెళ్లి పందిళ్లలోనూ, ఆసుపత్రి బెంచీల మీదా చెబుతూనే ఉన్నాను. ఎవరూ కాదనలేదు. కాదనగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, నేను భాయ్ అని పిలిచే అతను. అతనితో నాకు మాటలు లేవు.

మొన్నామధ్య నయాపూల్ దగ్గర బస్సు కోసం నిలబడి పక్కవాడితో ఏదో వాదం వేసుకుంటుంటే, వెనక నుంచి ఒక ముసలావిడ, "రైలు భాయ్! నువ్వేనా? గొంతు ఇంక గట్లనే ఉన్నదేంది, అంతా లొల్లి!" అంది. తిరిగి చూస్తే భాయ్ వాళ్ల అక్క, మేము ఆపా అని పిలిచే ఆవిడ. భాయ్ పోయి ఆరేళ్లయిందట. తానిప్పుడు చాంద్రాయణగుట్టలో కొడుకు దగ్గర ఉంటోందట. అంతలో ఆవిడ బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. నేనెక్కాల్సిన బస్సులు రెండు నా ముందే వచ్చి పోయాయి, ఎక్కబుద్ధి కాలేదు.

డెబ్బైలలో నేనొక కర్మాగారంలో టర్నర్‌ని, అంటే లేత్ మిషను మీద ఇనుమును గుండ్రంగా చెక్కే పనివాణ్ణి. అమ్మా నాన్నా లేరు, పెళ్లి కాలేదు. ఒంటరితనం అంటే ఏమిటో మీలో గదులు అద్దెకు తీసుకొని బతికినవాళ్లకు చెప్పక్కర్లేదు: పొద్దున పెట్టిన గ్లాసు సాయంత్రం వచ్చేసరికి సరిగ్గా అక్కడే ఉండడం. అలాంటి రోజుల్లో జుమ్మేరాత్ బజార్‌లో, పాత తాళాల కుప్ప మధ్య, ఒక విలాయతీ రైలింజనూ రెండు పెట్టెలూ కనబడితే కొన్నాను. ఎందుకని అడిగితే ఆనాడూ చెప్పలేకపోయేవాణ్ణి. పక్కనే గడియారం ముక్కల కోసం వెతుకుతున్న ఒకతను దాన్ని చూసి, తన మామూ తెచ్చిన అచ్చం ఇలాంటి బండీ, గుండ్రటి పట్టాలూ తన ఇంట్లో ఉన్నాయన్నాడు. గడియారాలు బాగుచేసేవాడు. అతనే భాయ్. అతను ఇంటికి నడుస్తుంటే నేను బండి చంకలో పెట్టుకుని వెంట నడిచాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం, అతని దుకాణానికీ నా కర్మాగారానికీ సెలవు కాబట్టి, వాళ్ల ముందు గదిలో తఖ్తు మీద, అంటే వెడల్పాటి చెక్క బల్ల మీద, మా రెండు బళ్లూ ఒకదాని వెనక ఒకటి తిరిగేవి. ఆపా చాయ్ తెచ్చేది, వాళ్లమ్మ ఖిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా పెట్టేది. వారంలో నాతో మాట కలిపే ఇల్లు అదొక్కటే.

చేజేతులా నేను చేసుకున్నది ఇక్కడే. పాత పుస్తకాల దుకాణంలో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. దుకాణాల్లో కొనే ఈ బళ్లకు ఒళ్లు అసలు రైలుకు సరైన కొలతలోనే ఉన్నా చక్రాల మధ్య దూరం రెండు మిల్లీమీటర్ల పైచిలుకు తక్కువనీ, పట్టింపు ఉన్నవాళ్లు చక్రాలు ఊడదీసి వెడల్పు చేసుకుంటారనీ అందులో ఉంది. మా పనిలో వెంట్రుక మందం తేడా వచ్చినా ముక్కను తుక్కులో పడేస్తారు. ఇక నా బండి నాకు కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డ లావుపాటి మనిషిలా కనబడసాగింది. భోజనం గంటలో, ఫోర్‌మన్ చూసీ చూడనట్టు పోతుంటే, పొడుగు ఇరుసులు చేశాను, చక్రాల అంచులు పలుచగా చెక్కాను, కొలత తప్పకుండా రెండు చక్రాల మధ్య పెట్టి చూసుకోవడానికి ఒక ఇత్తడి బిళ్ల చేశాను. అంత నున్నటి వస్తువు నా చేతుల్లోంచి మళ్లీ రాలేదు. గది మారినప్పుడు పోయింది.

శుక్రవారం నాడు ఆ బండిని తఖ్తు మీద పెడితే చక్రాలు పట్టాలకు అటొకటి ఇటొకటి దిగి కూర్చున్నాయి. అలా అవుతుందని నాకు ముందే తెలుసు. నా పనితనం అతను చూడాలని, ఆపైన తన బండి వంక చూసుకుని చిన్నబోవాలని తీసుకెళ్లాను. తప్పు నా బండిది కాదు, నీ పట్టాలదే అన్నాను. భాయ్ నవ్వి, "చాయ్ చల్లారేదాక తిరిగితే చాలదా భాయ్? మస్తుగ తిరుగుతుండె గదా," అన్నాడు. బొమ్మలతో ఆడుకునేవాడికి కొలతలెందుకులే అని, బండి మూట కట్టుకుని, చాయ్ అలాగే వదిలి వచ్చేశాను.

పిలుస్తాడని చూశాను. పిలవలేదు. ఏడాది తిరిగేలోపు నాకు పెళ్లయి వేరే పేటకు మారాను. నాలుగు గోడల వెంబడి అన్నాను కదా, అది అబద్ధం. నా దగ్గర ఉన్నది గజం పొడుగు చెక్క, దాని మీద గజం పొడుగు పట్టాలు. బండి అటు పోయేది, ఇటు వచ్చేది. ఇంకా నిజం చెప్పాలంటే, చక్రాలు మార్చాక ఇంజను తనంత తాను ఒక్కసారీ కదలలేదు, వేలితో తోసేవాణ్ణి. కిటికీ దగ్గర ఎవరూ మూగలేదు, ఆ గదికి కిటికీయే లేదు.

ఇప్పుడు అన్ని కొలతల బళ్లూ తయారుగా దొరుకుతాయట. దొరకనిది ఆ ముందు గది. ఈ రోజుల్లో తోడబుట్టినవాళ్ల ఇంటికైనా ముందు ఫోను చేసి వెళ్లాలి, అప్పట్లో తలుపుకు గొళ్లెం కూడా ఉండేది కాదు. భాయ్ ఆనాడు ఒక్క పిలుపు పిలిచి ఉంటే నా జీవితంలో ఇన్ని శుక్రవారాలు ఉత్తగా పోయేవి కావని నేటికీ అనుకుంటాను.

ఇంతవరకు రాసి, నిన్న చాంద్రాయణగుట్ట వెళ్లి, ఇల్లు వాకబు చేసుకుని, ఆపాకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని అంతా విన్నది.

"ఝూట్," అంది. "నీ ఇత్తడి బిళ్ల యాడ పోలే, మా తఖ్తు మీదనే మర్చిపోయినవ్. దాంతోని కొలిచి పట్టాలన్ని పీకి మల్ల ఏసిండు వాడు, నెల రోజులు. ఇగ తన బండి నడవదని గోడల తాకు గూట్ల పెట్టేసిండు. ప్రతి జుమ్మాకు నీకు గూడ చాయ్ పెట్టమనేటోడు. పిలవలేదంటవేంది? నిన్ను మా ఇంటికి ఎవరన్న ఎన్నడన్న పిలిచిండ్రా? నువ్వే వస్తుంటివి. నువ్వే రాలే."