యాకూబ్ ఉస్తాద్ చూసిన కుంగ్‌ఫూ సినిమా

మా చిన్నప్పుడు హుస్నాబాద్ టాకీసులో కుంగ్‌ఫూ సినిమా పడిందంటే, మర్నాడు ఊళ్ళో ఒక్క పార కామ కూడా క్షేమంగా ఉండేది కాదు... దాన్ని రెండు ముక్కలు చేసి, మధ్యలో పాత సైకిల్ చైను కట్టి గిరగిరా తిప్పేవాళ్ళం. మా నర్సిగాడు అలా తిప్పీ తిప్పీ తన నుదుటికే తగిలించుకుని బొప్పి కట్టించుకున్నాడు. అయినా వాడి ధీమా ఏమాత్రం తగ్గలేదు.

ఎనభైల నాటి మాట ఇది. మా పిచ్చి వల్ల నిజంగా నష్టపోయింది మాత్రం యాకూబ్ ఉస్తాద్.

ఆయన తాలీంఖానా నడిపేవాడు. ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు... కుస్తీ, కర్రసాము నేర్పే చోటు అది. పెంకుల కప్పు కింద నూనె, మజ్జిగ పోసి మెత్తగా చేసిన ఎర్రమట్టి గుంట. హిందువుల పిల్లలం, ముస్లింల పిల్లలం అందరం అందులోనే పొర్లేవాళ్ళం. పీర్ల పండుగనాడు పీర్ల ముందు కర్ర తిప్పడం మా తాలీం పిల్లలకే దక్కే గౌరవం.

అయితే ఉస్తాద్ కర్రను అంత సులువుగా చేతికిచ్చే మనిషి కాదు. ముందు మట్టి తవ్వాలి, తడపాలి, దండీలు, బస్కీలు తీయాలి... కర్ర ఎప్పుడిస్తావని అడిగితే "ముందుగాల మట్టి నిన్ను గుర్తువట్టనియ్యి బేటా" అనేవాడు.

తెర మీద హీరో గాల్లోకి ఎగిరి తంతుంటే ఇక్కడ మట్టి తవ్వడానికి ఎవడొస్తాడు? ఒక్కొక్కరే మానేశారు. బడి మైదానంలో ఆదివారాలు తెల్లబట్టల కరాటే మాస్టరు నేర్పడం మొదలుపెట్టాక తాలీం దాదాపు ఖాళీ అయింది. మిగిలినవాళ్ళలో నేనూ, నర్సిగాడూ ఉన్నామంటే ఉన్నాం... మనసు మాత్రం టాకీసులోనే.

ఓ సాయంత్రం ఉస్తాద్ మా ముందే అనేశాడు.

"గీ పీర్ల పండుగకు కర్ర వట్టే పిలగాండ్లు లేకపోతె ఇగ తాళమేసుడే. మా అబ్బా పెట్టిన తాలీం... నా చేతుల మీదనే బంద్ అయితది."

అంతలోనే ఆయనే నవ్వి, "మీరు గంత మోజువడ్డది ఏందో జర నాక్కూడ సూపిచ్చుండ్రి" అన్నాడు.

సరేనని బెంచీ టికెట్టుకు తీసుకెళ్ళాం. మా ఖర్మ కొద్దీ ఆ వారం పడిన బొమ్మ పోస్టరులో ఉన్నట్టు లేదు. భాష ఎలాగూ అర్థం కాదు. ఒక ముసలి గురువు వాకిట ఒక కుర్రవాడు వానలో నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. ఆ వెంటనే ఎవరో వచ్చి గురువును చంపేశారు! కుర్రవాడు పగ తీర్చుకున్నాడు. అయిపోయిందనుకుని జనం లేచారు...

చచ్చిపోయిన గురువు మళ్ళీ తెర మీద ప్రత్యక్షమయ్యాడు. కుర్రవాడు వాకిలి ఊడుస్తున్నాడు. నీళ్ళు మోస్తున్నాడు. చేతులు వణికితే గురువు వచ్చి మోచేతి కింద వేలు పెట్టి పైకెత్తుతున్నాడు. అలా ఎంతసేపో... అక్కడే సినిమా ముగిసింది.

"సచ్చినోడు మల్ల లేసిండురో!" అని టాకీసంతా ఈలలు, బూతులు. నర్సిగాడు సిగ్గుతో చచ్చిపోయాడు. నేను పక్కకు చూస్తే ఉస్తాద్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"మాఫ్ చెయ్యి ఉస్తాద్, గిది ఫాల్తు సినిమా. ఇంకోపారి మంచిదానికి తీస్కపోత" అన్నాడు నర్సిగాడు బయటికొచ్చాక.

"ఫాల్తు ఎట్లయితదిరా? గురువు సచ్చిపోయిండు. గని పిలగాడు చీపురు వట్టంగనె మల్ల పక్కకొచ్చి నిలవడ్డడు. నేర్పినోడు యాడికి పోతడు?"

మర్నాడు టీ హోటల్లో టాకీసు ఆపరేటరే చెప్పాడు, రీళ్ళు తారుమారయ్యాయని. నేర్పే రీళ్ళు ముందు పడాల్సింది, చివర పడ్డాయట. ఆ ముచ్చట మోసుకుని నర్సిగాడు తాలీంకు ఉరికాడు. ఉస్తాద్ పగలబడి నవ్వాడు.

"తప్పు ఏస్తె ఏసిండు. నాకైతె గట్లనే మంచిగనిపిచ్చింది."

నర్సిగాడు అంగీ విప్పి దండెం మీద వేసి, పార పట్టుకుని గుంటలోకి దిగాడు. వాడి వెనక నేనూ దిగాను. మమ్మల్ని చూసి ఇంకొందరు వచ్చారు. ఆ ఏడు పీర్ల పండుగకు మేం కర్ర తిప్పాం... తలరుమాలు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డ ఉస్తాద్ ముఖం చూడాల్సింది! తాలీం ఆ ఏడు మూతపడలేదు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు నడిచింది.

ఉస్తాద్ పోయినప్పుడు జనాజాను తాలీం పిల్లలమే మోశాం. ఆ తర్వాత నడిపేవాళ్ళు లేరు. రోడ్డు వెడల్పులో గోడ పోయింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ దుకాణాలు.

మొన్న మా అబ్బాయి ఆ సినిమాను ఫోన్లో వెతికి పెట్టాడు. గొప్ప కుంగ్‌ఫూ సినిమాల గురించి చెప్పేవాళ్ళెవరూ దీని ఊసెత్తరు... నాకు కోపమొస్తుంది. కొట్లాటలు తక్కువే. కానీ ఆ చీపురు చప్పుడు, తొణకని ఆ నీళ్ళ కడవలు... నేర్చుకోవడం ఎంత కష్టమో అంత ఓపికగా చూపించిన సినిమా నేను మరొకటి చూడలేదు. సరైన వరసలో మాత్రం గురువు పోతాడు, ఇక తిరిగి రాడు. పగ తీరగానే శుభం. మా ఊళ్ళో పడ్డదే అసలు సినిమా అనిపించింది.

ఇప్పటి పిల్లలకు అన్నీ వరస తప్పకుండా దొరుకుతున్నాయి... మంచిదే. మీ ఊళ్ళో తాలీం ఉండేదా? మీ చెయ్యి వణికినప్పుడు పట్టుకుని నేర్పిన వాళ్ళెవరు? చెప్పండి, చదవాలనుంది.

నాకు మాత్రం ఉస్తాద్ గుర్తొస్తే వరస తప్పుతుంది... ముందు ఆ జనాజా కనపడుతుంది. ఆ తర్వాత ఆయన నా పక్కకొచ్చి నిలబడి, "మోచెయ్యి జర పైకి లేపు బేటా" అంటాడు.