ఢిల్లీకి మారిన కోఠీ

మా బాపుకు లాడ్ బజార్‌లో లక్కగాజుల దుకాణం ఉండేది. ఇల్లు ఉప్పుగూడలో. గాజులమ్మేవాడి కూతురినన్న పేరే గానీ నా చేతులకు ఎప్పుడూ కొలత తప్పిన జతలే దక్కేవి. మంచివి బేరానికి పోయేవి. వాటిలోనూ మేలైనవి ఏరి బాపు కోఠీకి పట్టుకెళ్లేవాడు. కోఠీ అంటే ఇంగ్లీషు సర్కారు ప్రతినిధి, రెసిడెంటు, ఉండే పెద్ద బంగళా. నిజాంగారికి కూడా నచ్చజెప్పగల మనుషులు అందులో ఉన్నారని మా బజారు బజారంతా నమ్మేది. బాపుకు అక్కడ తెలిసింది ఒకే ఒక చిన్న దొర. ఏటా బడా దిన్‌కు, అంటే వాళ్ల క్రిస్మస్‌కు, వెదురుబుట్టలో పండ్లూ మిఠాయీ పేర్చి, పైన దొరసానికి గాజులు పెట్టి తీసుకెళ్లేవాడు. దాన్ని డాలీ అనేవారు. దొర వరండాలోకి వచ్చి ఆ బుట్టను చేత్తో తాకితే చాలు, కొన్నాళ్లపాటు మా బాపు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

ఆ డాలీకి ఒక కట్టుబాటు ఉండేది. నవాబుల దేవిడీలకు, అంటే వాళ్ల మేడలకు, సరుకిచ్చే వాళ్లందరూ దాన్ని పాటించేవారు. ఒక పని కోసం ఒక గడపలో డాలీ పెట్టాక, అదే పని మీద ఇంకో గడప తొక్కకూడదు. తొక్కితే మొదటి పెద్దమనిషికి చేతకాలేదని ఊరంతా చాటినట్టే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అన్న ఫలక్‌నుమా దగ్గర ఒక చిన్న కార్ఖానాలో లేత్ మెషిన్ మీద పని చేసేవాడు. యుద్ధం రోజుల్లో కుర్రవాళ్లను ఇంగ్లండు తీసుకెళ్లి పెద్ద ఫ్యాక్టరీలలో పని నేర్పిస్తున్నారని విని, బాపు డాలీ ఎత్తుకుని కోఠీకి పోయాడు. మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దొర ఒక్క మాట అన్నాడు, అన్న పేరు ఖాయమైంది. అమ్మ ఏడుస్తూనే పిండివంటలు కట్టిచ్చింది. యుద్ధం అయిపోయాక అన్నకు అక్కడే మంచి పని దొరికింది. వచ్చే ఏడు వస్తానంటూ ఉండిపోయాడు.

ఇంతలో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దొరలు కోఠీ ఖాళీ చేసి వెళ్లిపోయారు. మా చిన్న దొర మాత్రం సీమకు, అంటే ఇంగ్లండుకు, పోకుండా ఢిల్లీలో వాళ్ల దేశపు రాయబార కార్యాలయంలో చేరాడని బజార్లో చెప్పుకున్నారు. నిన్నటిదాకా ఏలినవాడు ఈరోజు రాయబారి అయితే ఏం మారుతుందో మాకెవరూ చెప్పలేదు. బాపు తనకు తానే తేల్చేసుకున్నాడు.

“ఏమున్నది, కోఠీ ఢిల్లీకి మారింది. గంతే!”

ఆ తర్వాతి ఏడు అన్నకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. చలి ముదరకముందే ఓడెక్కి ఇంటికి పోతే బతుకుతాడని అక్కడి డాక్టర్లు చెప్పారట. కానీ అన్న వెళ్లినప్పటి కాగితాలు నిజాం రాజ్యపు మనిషికని ఇంగ్లీషు వాళ్లు ఇచ్చినవి. ఇక్కడ పోలీసు చర్య జరిగి హైదరాబాదు ఇండియాలో కలిసిపోయింది. పాత కాగితాలు చెల్లవు, కొత్తవి కావాలి. రైళ్లు సర్దుకోగానే బాపు, ఢిల్లీ చేరేసరికి పండుతాయని పచ్చి సీతాఫలాలు ఏరి, వాటి మీద గాజులు పెట్టుకుని బండెక్కాడు.

తిరిగొచ్చిన రోజు ఆయన ముఖంలో వెలుగు చూసి పని అయిందనే అనుకున్నాం. చెప్పులు విడవకముందే మొదలుపెట్టాడు.

“కుర్సీ ఏసిండే నాకు! ఎదురుంగ కూసోవెట్టి చాయ్ తాపిండు. ఇన్నేండ్లల్ల కోఠీల ఒక్కనాడన్న కూసున్ననా?”

“మరి పిలగాడో?” అంది అమ్మ.

“తప్పక అడుగుత అన్నడు.”

“అడుగుడేంది? ఎనుకట సాబ్ హుకుం ఇస్తుండె గద. ఇప్పుడు ఎవర్ని అడుగుతడు?”

బాపు అది చిన్న విషయమన్నట్టు చెప్పాడు. “‘మేము గిప్పుడు ఈడ మెహమాన్లం, సుట్టాల లెక్క, హుకుం మాది గాదు. కాగితం మీ సర్కారే ఇయ్యాలె. దఫ్తర్ దగ్గర్లనే ఉన్నది, ఇయ్యాల్నే పోయి దరఖాస్తు పెట్టు, నేను గూడ మాట్లాడుత’ అన్నడు.”

“పోయినవా?”

“సాబ్ కాడ డాలీ పెట్టి ఆ దఫ్తర్‌కెట్ల పోత? సాబ్ ఇజ్జత్ ఏం గావాలె? పిలగాన్ని పంపినోడే తెస్తడు. నువ్వు ఫికర్ జెయ్యకు.”

మర్నాడు అమ్మ మా మేనమామను పిలిపించింది. ఆయన ఒక దఫ్తర్‌లో గుమాస్తా, నోరున్న మనిషి. “బావా, గాయన గిప్పుడు పక్కింటోని లెక్క. మంచోడే, కాదంటలేను. పక్కింటోడు మన ఇంట్ల పెత్తనం జేస్తడా? నడువు, నేనొస్త, మన సర్కారు దఫ్తర్‌కే పోదం” అని బతిమాలాడు. బాపు వినలేదు. తనను కాదని ఎవరైనా దరఖాస్తు పెడితే మళ్లీ తన ముఖం చూడొద్దని ఒట్టు పెట్టాడు. ఆయన మొండితనంలో అహంకారం లేదు, భయం ఉంది. దొర మనసు నొచ్చుకుంటే కొడుకు రాడేమోనని భయం. ఆ సంగతి నాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పట్టింది. అప్పుడైతే పళ్లు కొరుక్కున్నాను.

రోజూ దుకాణం తెరవగానే బాపు టపా మనిషి కోసం చార్‌మినార్ వైపు చూసేవాడు. చలికాలం నడిమధ్యలో తంతి వచ్చింది. అన్న పోయాడు. అక్కడే, ఎవరూ తెలియని ఊళ్లో మట్టి చేశారు. అమ్మ ఏడ్చిన ఏడుపు నేను రాయలేను. ఆమె బాపును ఒక్క మాట కూడా అనలేదు. “సాబ్ అడిగే ఉంటడు, సర్కారోళ్లే ఇయ్యకపోయిరి కావచ్చు” అని వచ్చిన వాళ్లందరికీ తనే చెప్పింది. అలా నమ్మితే తప్ప ఆమెకు ఆ మనిషితో ఒకే ఇంట్లో అన్నం తినడం సాధ్యమయ్యేది కాదేమో.

ఏడాది తిరిగొచ్చేసరికి ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో గాజులు సర్దుతుంటే చిన్న దొర వచ్చాడు. ఉద్యోగం ముగించుకుని సీమకు పోతూ పాత ఊరు చూసుకోవడానికి దిగాడట. తల బాగా నెరిసింది. బాపు గబగబా లేచి తన స్టూలు తుడిచి వేశాడు. దొర కూర్చున్నాడు, బాపు నిలబడ్డాడు. కూతురికి గాజులు కావాలన్నాడు దొర. తర్వాత తన ముక్కల ఉర్దూలో నవ్వుతూ అడిగాడు.

“నువ్వు వచ్చిన రోజే మీ సర్కారు వాళ్లతో మాట్లాడాను. తండ్రి వచ్చి దరఖాస్తు ఇస్తే వెంటనే కాగితం ఇస్తామన్నారు. మరునాడు కూడా నీకోసం చూశారట. ఆ తర్వాత నాకు వేరే ఊరు పడింది. అబ్బాయి వచ్చేశాడు కదా? ఎలా ఉన్నాడు?”

బాపు తల దించుకుని, ఎర్ర లక్క జతలను ఒక్కొక్కటిగా పాత గుడ్డలో చుట్టాడు.

“ఆగయా సాబ్. అచ్ఛా హై,” అన్నాడు, వచ్చేశాడు, బాగున్నాడని.

దొర సంతోషంగా ఆయన భుజం తట్టి, పొట్లం తీసుకుని వెళ్లాడు. బాపు ఆయన బజారు మలుపు తిరిగేదాకా సలాం చేసిన చెయ్యి దించలేదు. తర్వాత నా వైపు తిరిగాడు.

“మీ అమ్మకు చెప్పకు బిడ్డా,” అన్నాడు.

అమ్మ పోయేదాకా నేను చెప్పలేదు.