కురామొచి దుకాణంలో గోడ పరీక్ష

కురామొచి ముసలాయనకి ఒకటే జబ్బు: కొనడానికొచ్చిన మనిషిని గోడకి తిప్పి నిలబెట్టందే సరుకు అమ్మడు. ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉండేది గానీ అది చంపింది ఆయన్ని. ఇది కొనేవాళ్లని చంపింది.

టోక్యోలో ఒచానొమిజు గిటార్ల వీధి వెనక, ఎండ మొహం చూడని సందులో ఆయన దుకాణం. అద్దాల బీరువాలో పాత ఆకుపచ్చ పెడల్ ఒకటి. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య తగిలించి కాలితో నొక్కితే, స్వరం ఏడ్చి ఏడ్చి బొంగురుపోయినట్టు పలుకుతుంది. అది విని ఎదురు మేడమీది పిల్లి కాపురమే వదిలేసింది. కావాలంటే వీధిలో అడగండి. ఆ బీరువా పక్కనే, దాని తర్వాత వచ్చిన చవక పెడళ్లు గుట్టగా పడుండేవి.

"గోడకి తిరుగు! ఇప్పుడు నొక్కింది పాతదా, కొత్తదా?"

ఏం చెప్పినా తప్పే.

"అవి చెవులా, టోపీ తగిలించే కొక్కేలా? నీకు కొత్తదే ఎక్కువ!" అని చవకది చేతిలో పెట్టి తోలేసేవాడు. సంగీత పత్రికలో రాసే పెద్దమనిషి ఒకాయన గోడకి నుదురు ఆనించి, "పాతదంటే ఇదీ! తేనె!" అని కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆయన చంకలోకీ చవకదే వెళ్లింది.

ఆ గోడని అందరికన్నా ఎక్కువగా చూసినవాడు కుజే. బార్లలో గిటార్ వాయిస్తాడు. జట్టు చెదిరిపోయింది, వినేవాళ్లు పోయారు, తండ్రీ పోయాడు. మిగిలినవి తండ్రి గిటార్, పాత పెడల్ దొరికితే బతుకు మారుతుందన్న పిచ్చి. ఒక వానరోజు ఆ గిటార్‌ని తెచ్చి కౌంటర్ మీద పెట్టేశాడు.

"ఇది ఉంచుకుని పాతది ఇవ్వండి మాస్టారూ."

"మీ నాన్నది కదురా?"

"ఆయనే లేడుగా."

ముసలాయన దగ్గుతూ గిటార్ మెడ మీద అరిగిన చోటుని చాలాసేపు చూశాడు. "గోడకి తిరుగు!"

స్వరం మోగింది.

"పాతదే," అన్నాడు కుజే.

"తప్పు! మీ నాన్న గిటార్ మోసుకుని ఫో. నీకు అంటగట్టిన ఆ కొత్త పెడల్ డబ్బా ఇక్కడ పడేసి వెళ్లు, స్విచ్ అరిగింది. కాలా అది, రోకలా?"

మర్నాడు బాగైన తన పెడల్ తీసుకున్నాడు గానీ, కుజే దణ్ణం కూడా పెట్టలేదు. ఆ తర్వాత స్వరం బాగుందనిపించింది. కోపంలో వాయిస్తున్నాను కదా, అందుకే అనుకున్నాడు.

ఆ చలికాలం ముసలాయన పోయాడు. పోయినవాళ్ల వస్తువులు ఆప్తులకి పంచిపెట్టే రోజున, ఆయన చేత తిట్లు తిన్నవాళ్లంతా నల్లకోట్లు తొడుక్కుని దుకాణంలో చేరారు. అంత దుఃఖంలోనూ ఒక్కడి చూపూ ఆయన ఫొటో మీద లేదు. అన్నీ బీరువా మీదే. ఆయన భార్య సుమియే బీరువా తెరిచి, పాత పెడల్ కుజే చేతిలో పెట్టింది.

కుజే దాన్ని గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య తగిలించి, నొక్కి తీగ మీటాడు. కిక్కురుమనలేదు. అడుగురేకు విప్పాడు. లోపల నల్లటి చిప్పు ఉండాల్సిన చోటు ఖాళీ. పక్కన రెండు చిన్న రెసిస్టర్లూ లేవు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది పిన్నీ?"

"నువ్వు మీ నాన్న గిటార్ తెచ్చిన రోజు నుంచి."

"మరి అంతకుముందు మేం విన్నది?"

"కొత్తదే. ఎప్పుడూ దాన్నే నొక్కేవాడు. పాతదాని కోసం తిండి మానేస్తున్నారని ఆయనకి మంట."

పత్రిక పెద్దమనిషి చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

"మరి ఆ చిప్పు?"

"నీ కాలికిందే ఉంది. రెండింటికీ తేడా ఆ కాస్త ముక్కలేనట. నీది విప్పు. నా గోళ్లరంగు కాజేసి గుర్తు పెట్టాడు, దొంగ సచ్చినోడు."

కుజే సంచిలోంచి తన చవక పెడల్ తీసి విప్పాడు. చిప్పు నెత్తిన ఎర్రటి చుక్క. దాన్ని తొక్కుతూనే కదా ఇన్నాళ్లూ ముసలాయన్ని తిట్టుకున్నాడు!

అంతలో తలుపు గంట మోగింది. వానలో తడిసిన ఒక అమ్మాయి, భుజాన గిటార్.

"ఇక్కడ పాత ఆకుపచ్చ పెడల్ ఉందట కదండీ?"

కుజే గబగబా డొల్ల డబ్బాకి రేకు బిగించి బీరువాలో పెట్టాడు. మోచేత్తో మొహం తుడుచుకున్నాడు.

"గోడకి తిరుగు!"

ఆ అమ్మాయి బిత్తరపోయి నిలబడింది. నల్లకోట్లు మాత్రం అలవాటు చొప్పున, అన్నీ ఒక్కసారే గోడకి తిరిగాయి.